విషమని తెలుసు... వినేది ఎవరి మాట?

పురుగు మందు ప్రమాదమని రైతుకు తెలియదా? బాగా తెలుసు. మరి తెలిసి కూడా ఎందుకు జాగ్రత్త పడడు? పడినవాడు ఎవరి మాట విని పడ్డాడు?

దసరా సెలవులొస్తే చాలు, పెదనాన్న వాళ్ల ఊరికి బస్సెక్కేసేవాళ్లం. వరంగల్ జిల్లాలో పత్తి పండించే పల్లె అది. 2003లో... అప్పుడు నేను ఆరో తరగతి. పొద్దున్నే చేనుకెళ్లిన పెదనాన్న మధ్యాహ్నానికి తూలుతూ ఇంటికొచ్చాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. నోట్లోంచి చొంగ కారుతోంది. చొక్కా వెనకంతా తడిసిపోయింది. అది చెమట కాదు, పంపు మూత వదులై వీపు మీదికి కారిన మందు. వస్తూనే అరుగు మీద కూలబడ్డాడు.

పెద్దమ్మ పరుగున వెళ్లి నిమ్మకాయ నీళ్లు కలుపుకొచ్చింది. పక్కింటాయన తొంగిచూసి, "మందు పట్టినట్టున్నది. కొంచెంసేపు పండుకుంటే తగ్గుతది తియ్" అన్నాడు. అంతే! ఆసుపత్రి మాట ఎవరూ ఎత్తలేదు.

రెండోనాడు పెదనాన్న మళ్లీ పంపు భుజానికెత్తుకున్నాడు. నాకేమో ఏడుపొక్కటే తక్కువ. "భయం లేదా పెదనాన్నా?" అనడిగాను. నవ్వాడు. "ఏంగాదు బిడ్డా... ఇరవై ఏండ్ల సంది కొడుతున్న" అన్నాడు.

ఆ మందు డబ్బా మీద ఎర్రరంగు గుర్తు, పుర్రె బొమ్మ ఉన్నాయి. "దీని దగ్గరికి రాకు, విషం" అని ముందురోజే నాకు చెప్పింది ఎవరనుకున్నారు? ఆయనే!

ఒక్కరూ వెళ్లలేదు

నేను ఆ అరుగు మీద కూర్చుని పెదనాన్నను చూస్తున్న రోజుల్లోనే, అంటే 2003 ఆగస్టు నుంచి డిసెంబరు దాకా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మూడు పల్లెల్లో యాభై మంది ఆడవాళ్లు ఓ పని చేశారు. అందరూ పత్తి రైతులే. చేలో మందు కొట్టిన ప్రతిసారీ తమకూ, తమ ఇంటి మగవాళ్లకూ ఒంట్లో ఎలా ఉందో కాగితం మీద నమోదు చేశారు. తలనొప్పి వచ్చిందా? వాంతి అయిందా? చేతులు వణికాయా? చూపు మసకబారిందా? సీజనంతా అదే పని.

పరిశోధకులు ఆ కాగితాలన్నీ ముందేసుకుని లెక్క తీస్తే మొత్తం 323 సందర్భాలు తేలాయి. వాటిలో నూటికి 84 సార్లు ఏదో ఒక బాధ కనిపించింది. నూటికి పదిసార్లు, మందు నరాల మీద పనిచేసిందని చెప్పే లక్షణాలు మూడో అంతకంటే ఎక్కువో ఒకేసారి వచ్చాయి. నూటికి ఆరుసార్లయితే పరిస్థితి మరీ తీవ్రం.

మరి వాళ్లలో ఎంతమంది డాక్టరు దగ్గరికెళ్లారు? ఒక్కరు... ఒక్కరంటే ఒక్కరు కూడా వెళ్లలేదు!

ఆ అధ్యయనంలో తేలిన మరో సంగతి... తీవ్రంగా దెబ్బతిన్నవాళ్లలో పెద్ద కమతాల ఆసాములకంటే చిన్న రైతులే ఎక్కువ. అన్నట్టు, మందు కొట్టేది మగవాళ్లు కదా, ఆడవాళ్లకేంటి ప్రమాదం అనుకునేరు. బిందెలతో నీళ్లు మోసేది, మందు కలిపేది, ఖాళీ అయిన పంపు మళ్లీ నింపేది చాలా ఇళ్లలో వాళ్లే. ఇంకా నీళ్లు కలవని చిక్కటి మందు చేతికి తగిలేది సరిగ్గా అక్కడే.

ఇప్పుడు మళ్లీ మొదటి ప్రశ్నకొద్దాం. ఇన్నిసార్లు ఒంటికి తెలిసొచ్చినా రైతు ఎందుకు మారడు?

తెలియక కాదు...

మొన్న దసరాకి ఊరెళ్లినప్పుడు రచ్చబండ దగ్గర కూర్చుని ఇదే మాట అడిగాను. "మాస్కు పెట్టుకోవచ్చు కదా?" అంటే ఓ కుర్ర రైతు నన్ను ఎగాదిగా చూశాడు. "అన్నా, ఎండల పదహారు లీటర్ల పంపు మోసుకుంట నడువు. ముక్కుకు గుడ్డ కట్టుకొని పది సాళ్లు కొట్టు. అప్పుడు మాట్లాడుకుందం" అన్నాడు.

నిజమే మరి. పత్తికి మందు కొట్టేది వానాకాలంలో, ఆ తర్వాత వచ్చే ఉక్కపోతలో. చేతులకు రబ్బరు తొడుగులు, కాళ్లకు బూట్లు, ఒళ్లంతా ప్లాస్టిక్ కోటు... చల్లటి దేశాల్లో రాసిన ఈ జాబితా మన చేలో గంటసేపు కూడా నిలవదు. ఈ సంగతి పెద్ద సంస్థలకు తెలియక కాదు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ పురుగు మందుల మీద 1985లో ఓ ప్రవర్తనా నియమావళి తెచ్చింది. తొడుక్కోవడానికి ఇబ్బందిగా ఉండే, ఖరీదైన, తేలిగ్గా దొరకని రక్షణ దుస్తులు అవసరమయ్యే మందులను వేడి దేశాల్లోని చిన్న రైతులు, కూలీల విషయంలో అసలు వాడకుండా ఉండటమే మేలని ఆ నియమావళే చెబుతోంది. అంటే తప్పు రైతు ముక్కుది కాదు... ఆ ముక్కు దగ్గరికి అలాంటి మందును తెచ్చినవాళ్లది కూడా.

రెండో కారణం అలవాటు. మందు కొట్టిన రోజు తలనొప్పి రావడం, కళ్లు మండటం పల్లెల్లో రోగం కిందికి రాదు. ఎండకు చెమట పట్టినట్టు, వానకు తడిసినట్టు... అదీ పనిలో భాగమే! పైగా పక్కవాడికి ఏమీ కాలేదు కదా అనే ధీమా ఒకటి. అప్పటికప్పుడు ప్రాణం తీసేదానికైతే ఎవరైనా భయపడతారు. రాత్రికి తగ్గిపోయే తలనొప్పికి ఎవరు భయపడతారు?

మూడోది, డబ్బా మీది రాతలు. మన దేశంలో ప్రతి పురుగు మందు డబ్బా మీదా రంగు త్రికోణం ఉండాలి. ఎరుపు ఉంటే అత్యంత విషపూరితం. పసుపు దాని తర్వాతది. నీలం మధ్యస్థం. ఆకుపచ్చ అన్నిటికంటే తక్కువ. చదువు రానివాళ్లకూ అర్థం కావాలని పెట్టిన పద్ధతి ఇది. కానీ విచిత్రం చూడండి... మన కళ్లకు ఆకుపచ్చ అంటే పంట రంగు, ఎరుపు అంటే ఘాటు. "ఎర్ర గుర్తుదైతే గట్టిగ పనిచేస్తది" అని నాతో చెప్పిన రైతులున్నారు. హెచ్చరిక కాస్తా ప్రచారమైపోయింది! ఇక మిగతా వివరాలా? చీమ తలకాయంత అక్షరాలు. భూతద్దం కావాలి.

నాలుగోది, కూలీ సంగతి. చేను ఒకరిది, మందు ఒకరిది, ఒళ్లు మరొకరిది. పంపుకింత అని మాట్లాడుకుని కొట్టే మనిషి ఎన్ని పంపులు కొడితే అన్ని డబ్బులు. గాలి ఎదురొస్తోందని ఆగితే ఆ పూట కూలి పోయినట్టే. జాగ్రత్తలు చెప్పే సభలకు పిలిచేది పట్టా ఉన్న రైతును. మందు పీల్చేది మాత్రం కూలీ.

ఇవన్నీ ఒక్కచోట కలిస్తే ఏమవుతుందో 2017లో చూశాం. మన ఆదిలాబాద్ నుంచి పెన్‌గంగ దాటితే వచ్చే మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. ఆ ఏడు పత్తి మొక్కలు మనిషెత్తు పెరిగాయి. మందు తుంపర మొహం మీదే పడింది. రెండు మూడు మందులు కలిపి కొట్టారు. గంటల తరబడి కొట్టారు. వాళ్లకూ విషమని తెలుసు. తెలియడం ఒక్కటే మనిషిని కాపాడదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

షాపాయన చెబితే వేదం

సరే, మరి రైతు ఎవరి మాట వింటాడు?

ఆకు ముడుచుకుందనుకోండి. రైతు ఆ ఆకు తెంపి జేబులో పెట్టుకుని ముందు ఎవరి దగ్గరికెళతాడు? శాస్త్రవేత్త దగ్గరికా? కాదు, మండల కేంద్రంలో ఉన్న మందుల షాపుకి. ఎందుకంటే ఆ షాపు పొద్దున ఆరింటికే తెరిచి ఉంటుంది. ఆ షాపాయన పేరు పెట్టి పిలుస్తాడు. అన్నిటికంటే ముఖ్యం... ఉద్దెర ఇస్తాడు. అప్పిచ్చినవాడి సలహా కాదనడం అంత తేలిక కాదు.

ఆ షాపాయనతోనూ మాట్లాడాను. ఆయన గోడు ఆయనది. "రైతొచ్చి మంచి మందియ్యి అంటడు. ఒక్కటిస్తే నమ్మడు. రెండు కలిపిస్తేనే సంతోషం. నేనియ్యకుంటే పక్క షాపుల తీసుకుంటడు" అన్నాడు. మరి జాగ్రత్తలు చెబుతారా అనడిగితే కాసేపు ఊరుకుని, "అడిగితే చెప్త" అన్నాడు. అడిగేవాళ్లెవరు?

అయితే ఇక్కడే ఓ మంచి దారి కూడా ఉంది. రైతు ఎలాగూ షాపాయన మాటే వింటాడు కాబట్టి ముందు షాపాయనకే పాఠం చెబితే? ఈ ఆలోచనతోనే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ వ్యవసాయ విస్తరణ యాజమాన్య సంస్థ, అదే మేనేజ్, 2003లో మందుల డీలర్ల కోసం ఏడాది డిప్లొమా మొదలుపెట్టింది. ఏ పురుగుకు ఏ మందు, ఎంత మోతాదు, ఎలా కలపాలి... అన్నీ చెబుతారు. డబ్బా చేతికిస్తూ "గాలికి ఎదురుగా కొట్టకు, ఇంటికెళ్లి ముందు స్నానం చెయ్యి" అని షాపాయన అనే ఒక్క మాట వంద కరపత్రాల పెట్టు.

రంగునీళ్ల పాఠం

రైతు వినే రెండో గొంతు... పక్క చేను రైతుది. కాదు కాదు, పక్క చేనుది! పక్కాయన మందు కొట్టాడంటే మనవాడికి నిద్రపట్టదు. పురుగు ఉన్నా లేకపోయినా పంపు ఎత్తుకోవాల్సిందే. 2021-22లో మిరప తోటల మీద కొత్తరకం తామర పురుగు విరుచుకుపడినప్పుడు గుంటూరు నుంచి ఖమ్మం దాకా జరిగింది అదే. ఒకరిని చూసి ఒకరు, ఒకటి పనిచేయకపోతే మరొకటి. మందులు మారాయి, అప్పులు పెరిగాయి. తోటలు మాత్రం దక్కలేదు.

ఈ చూసి నేర్చుకునే గుణాన్నే మంచికి వాడుకున్నవి పొలంబడులు. 1989లో ఇండోనేసియా వరి పొలాల్లో మొదలైన పద్ధతి ఇది. తర్వాత మన దగ్గరికీ వచ్చింది. ఇందులో ఉపన్యాసాలుండవు. సీజనంతా వారానికోసారి ఇరవై పాతికమంది రైతులు ఒక చేలో కలుస్తారు. మొక్కలు పట్టి చూస్తారు. ఏది శత్రు పురుగు, ఏది మిత్ర పురుగు అని లెక్కపెడతారు. పేనుబంక పట్టిన కొమ్మనూ, అక్షింతల పురుగునూ ఓ సీసాలో పెట్టి ఏది ఏదాన్ని తింటుందో చూస్తారు. మందు కొడితే ఆ అక్షింతల పురుగు కూడా చస్తుందని ఎవరూ చెప్పనక్కర్లేదు... వాళ్లకే అర్థమైపోతుంది.

పొలంబడుల్లో చేయించే ఓ ప్రయోగం గురించి తెలిసినప్పుడు నాకు మా పెదనాన్న వీపే గుర్తొచ్చింది. పంపులో మందు బదులు రంగునీళ్లు పోస్తారు. ఒక రైతుకి తెల్లబట్టలు తొడిగి రోజూ కొట్టినట్టే కొట్టమంటారు. నాలుగు సాళ్లు కొట్టి బయటికొచ్చాక అందరూ చుట్టూ చేరి చూస్తారు. తొడల మీద రంగు. మోకాళ్ల మీద రంగు. వీపు మీద, చేతుల మీద... మూత బిగించిన వేళ్ల సందుల్లో కూడా రంగే!

మందు ముక్కులోంచే వెళుతుందని మనం అనుకుంటాం. పిచికారీ చేసేవాళ్ల ఒంట్లోకి ఎక్కువగా వెళ్లేది చర్మంలోంచే. ఈ మాట పుస్తకంలో చదివితే ఓ చెవిన విని వదిలేస్తాం. తెల్లచొక్కా మీద ఎర్రటి మరక చూస్తే మాత్రం మర్చిపోలేం. కనపడని విషానికి రంగు పూసి చూపించారు చూడండి... పాఠమంటే అదీ!

ఆడవాళ్లు పట్టుబడితే...

మూడో గొంతు ఇంట్లోదే. ఉమ్మడి ఖమ్మం జిల్లా, ఇప్పటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో పాల్వంచ దగ్గర పునుకుల అనే ఊరుంది. అదీ పత్తి ఊరే. విత్తనం, మందు, అప్పు... మూడూ వ్యాపారి దగ్గరే. పంట పండితే అమ్మేది కూడా ఆయనకే. మందు కొడుతూ మనుషులు పడిపోవడం, అప్పు తీరకపోవడం ఆ ఊరికి మామూలైపోయింది.

1999 తర్వాత ఓ స్వచ్ఛంద సంస్థ ఆ ఊరికొచ్చి వేపగింజల కషాయం, లింగాకర్షక బుట్టలు, ఎర పంటల గురించి చెప్పింది. మొదట ఎవరూ నమ్మలేదు. ధైర్యం చేసినవాళ్లు కొద్దిమందే. వాళ్ల చేలో పంట నిలబడింది, ఖర్చు తగ్గింది. పక్క రైతులు చూశారు. ఇక అక్కడి నుంచి పట్టుకున్నది ఆడవాళ్లు. మందు కొట్టొచ్చిన మగవాళ్ల బట్టలుతికేది వాళ్లు, రాత్రంతా కూర్చుని సేవ చేసేది వాళ్లు, అప్పులవాడు ఇంటి ముందుకొస్తే సమాధానం చెప్పుకునేదీ వాళ్లే. ఇంట్లోకి మందు డబ్బా రావద్దని పట్టుబట్టారు. వేపగింజలు ఏరుకొచ్చి పొడి కొట్టడం కొందరికి బతుకుతెరువు కూడా అయింది. 2000 దశకం మొదట్లోనే పునుకుల పురుగు మందులు వాడని ఊరుగా పేరు తెచ్చుకుంది. 2004-05 నుంచి ప్రభుత్వం ఈ పద్ధతిని డ్వాక్రా సంఘాల ద్వారా ఊరూరా తీసుకెళ్లింది. గమనించారా? రైతు సంఘాల ద్వారా కాదు, ఆడవాళ్ల సంఘాల ద్వారా!

అందరూ పునుకుల కాలేకపోవచ్చు. మందు లేకుండా పంట దక్కదనే రైతులు మన చుట్టూ లక్షలమంది. కానీ ఆ ఊరు చెప్పిన మొదటి పాఠం అందరికీ పనికొస్తుంది. జాగ్రత్తగా కొట్టడం రెండో జాగ్రత్త. అవసరం లేనప్పుడు కొట్టకపోవడం మొదటి జాగ్రత్త.

చట్టం ఆలస్యంగానైనా...

అన్నీ మనిషి మంచి బుద్ధికే వదిలేస్తే కుదరదు. మోనోక్రోటోఫాస్ సంగతి చూడండి. పల్లెల్లో ముద్దుగా 'మోనో' అంటారు. కూరగాయల మీద దాన్ని వాడొద్దని ప్రభుత్వం 2005లోనే చెప్పింది. కానీ పత్తికి కొట్టొచ్చు! అంటే డబ్బా షాపులో ఉంటుంది. ఇంటికీ వస్తుంది. అది పత్తికి కొడతాడా, పక్కనే ఉన్న వంకాయకు కొడతాడా... ఎవరు చూడొచ్చారు?

2013లో బిహార్‌లోని ఛప్రా దగ్గర బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. ఆ వంటనూనెలో కలిసింది మోనోక్రోటోఫాసే. అయినా మరో పదేళ్లు పట్టింది. మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రావణాన్ని ఆపేస్తూ 2023లో ఉత్తర్వులొచ్చాయి. అంతకుముందు 2011లో ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు ఆపింది. ఫోరేట్, ట్రైజోఫాస్ లాంటివి 2020 డిసెంబరు 31తో ఆగిపోయాయి. వందమంది రైతులకు వంద జాగ్రత్తలు చెప్పడం కంటే ఒక్క ఎర్ర డబ్బా షాపు అరలోంచి తీసేయడం ఎక్కువ ప్రాణాలు కాపాడుతుంది. పొలంలోనే కాదు, ఇంట్లో కూడా. ఏదో ఓ క్షణం కోపంలోనో దుఃఖంలోనో చేయి చాచితే అందే ఎత్తులో విషం లేకపోతే... ఆ క్షణం గడిచిపోతుంది. మనిషి మిగులుతాడు.

ఈ ఆదివారం ఊరికి ఫోన్ చేస్తే...

ఇదంతా రైతుల గొడవ, మనకెందుకు అనుకోకండి. మనలో చాలామందికి ఊళ్లో ఓ నాన్నో, మేనమామో, బాబాయో ఇప్పటికీ పంపు మోస్తున్నారు. "ఏం పంట వేశారు, ధర ఎంత" అని అడుగుతాం. ఈసారి ఈ నాలుగు మాటలు కూడా కలపండి.

• మూత కారని, నాజిల్ సరిగా ఉన్న పంపు వాడమనండి. నాజిల్‌లో చెత్త అడ్డుపడితే నోటితో ఊదొద్దు. సన్నటి పుల్లతోనో, నీళ్లతోనో తీయాలి.

• ప్లాస్టిక్ కోటు వేసుకోలేకపోతే పోనీ... పొడుగు చేతుల చొక్కా, పాదాల దాకా ప్యాంటు, తలకు గుడ్డ. కలిపేటప్పుడు మాత్రం చేతులకు తొడుగులు తప్పనిసరి. చేత్తో కాదు, కర్రతో కలపాలి.

• గాలికి ఎదురుగా కొట్టొద్దు. పొద్దున్నో, సాయంత్రమో ఎండ తగ్గాకే కొట్టాలి. మధ్యలో బీడీ, తంబాకు, తిండి వద్దు.

• తోచిన మందులన్నీ కలిపి కొట్టొద్దు.

• చేలోంచి రాగానే సబ్బుతో స్నానం. ఆ బట్టలు ఇంట్లోవాళ్ల బట్టలతో కలపకుండా విడిగా ఉతకాలి.

• డబ్బాలు తాళం వేసిన పెట్టెలో ఉండాలి. ఖాళీ డబ్బాలో నీళ్లు, నూనె పోసుకోవద్దు. చిల్లులు పొడిచేయాలి.

• తల తిరిగినా, చొంగ కారినా, చూపు మసకబారినా వెంటనే బట్టలు విప్పి ఒళ్లంతా సబ్బుతో కడగాలి. నిమ్మకాయ నీళ్లు, మజ్జిగ అంటూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి. మందు డబ్బాను కూడా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఏ మందో తెలిస్తేనే డాక్టరు సరైన విరుగుడు ఇవ్వగలడు.

చేను మీద తమరే పెద్ద అయితే ఇంకో మాట. పంపుకింత అని కాకుండా రోజుకింత అని కూలి మాట్లాడుకోండి. కొట్టే మనిషి తొందరపడడు. సబ్బూ, తొడుగులూ మీరే కొనివ్వండి.

బోరు దగ్గర సబ్బు

ఇంతకీ మా పెదనాన్న సంగతి చెప్పనేలేదు కదూ! ఇప్పుడాయనకు డెబ్బై దాటాయి. పుర్రె బొమ్మ చెప్పింది, వినలేదు. టీవీ చెప్పింది, వినలేదు. పట్నంలో చదువుకున్న నేను చెబితే "సరే సరే" అని నవ్వేశాడు.

ఆరేళ్ల క్రితం ఓ సాయంత్రం చేలోంచి వచ్చీ రాగానే నాలుగేళ్ల మనవరాలు ఎదురెళ్లి కాళ్లకు చుట్టేసుకుంది. ఆయనా ఎత్తుకుని ముద్దాడాడు. రాత్రయ్యేసరికి పాప కళ్లు ఎర్రబడ్డాయి. మొహమంతా దద్దుర్లు. ఏడుపు ఆగలేదు. తనకు మందు పట్టినప్పుడు ఏనాడూ ఆసుపత్రి మొహం చూడని మనిషి, ఆ రాత్రి పిల్లనెత్తుకుని ఆటోలో పరుగెత్తాడు. డాక్టరు చూసి, "ఇంట్లో ఎవరైనా మందు కొట్టొచ్చారా?" అనడిగాడట. పెదనాన్న తలెత్తలేదట. పాప రెండ్రోజుల్లో కోలుకుంది.

మర్నాడే బోరు దగ్గర ఓ మేకు కొట్టాడు. దానికి ఓ జత ఉతికిన బట్టలు తగిలించాడు. పక్కనే రాయి మీద సబ్బు పెట్టాడు. మందు కొట్టిన రోజు అక్కడే స్నానం, అక్కడే బట్టలు మార్చుకోవడం. పెద్దమ్మ కూడా ఓ షరతు పెట్టింది. "ఒళ్లు కడుక్కోకుంటే గడప దాటుడు లేదు, బువ్వ లేదు" అని. ఇన్నేళ్లుగా ఆ మాట అనాలని ఉన్నా అనలేదట. "అంటే మాత్రం అప్పుడింటడా?" అంటుంది.

తన ఒంటికి వచ్చిన కష్టాన్ని రైతు లెక్కచేయడు. అది మన ఇళ్లలో పెద్దవాళ్లందరికీ ఉన్న జబ్బే. తన వల్ల ఇంకొకరికి కష్టమొస్తుందంటే మాత్రం ఆగుతాడు. అందుకే ఫోన్ చేసినప్పుడు "మీ ఆరోగ్యం జాగ్రత్త" అని మాత్రమే చెప్పకండి. అది ఆయన వినడు. "పిల్లలు దగ్గరికొస్తారు, స్నానం చేసి రండి" అని చెప్పండి.

మొన్న వెళ్లినప్పుడు చూశాను. బోరు దగ్గర సబ్బు అరిగిపోయి సన్నటి ముక్క మిగిలింది. పదేళ్ల మనవరాలు ఇంట్లోంచి కొత్త సబ్బు పట్టుకెళ్లి ఆ రాయి మీద పెట్టొచ్చింది. ఎవరూ చెప్పలేదు.